లావు అక్షరం

"ఆ లావు అక్షరం పెట్టు పుష్పా, కస్టమర్ గదే అడుగుతుండు" అని మా ఆయన జగదీష్ కేకేసేసరికి నేను చపాతీ పిండి కలుపుతున్నాను. ఖానాపురం హవేలిలో మాది ఫ్లెక్సీ షాపు. ముందు గది షాపు, వెనక గది ఇల్లు. చేతులు కడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. తెర మీద అక్షరాల రకాలు పేర్లతో వరుసగా ఉంటాయి. అందులో 'లావు' అని నేను పెట్టుకున్న పేరు నొక్కితే ఆ అక్షరం వస్తుంది. పని కాగానే మళ్లీ వెళ్లి పిండి కలపాలి. దాని సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

ఆ అక్షరం ఈ పిండిలోనే పుట్టింది. మా అమ్మాయి జ్యోత్స్నకు అక్షరాలు నేర్పేటప్పుడు పలక పట్టుకుని కూర్చునే తీరిక నాకెక్కడిది? చపాతీలు చేస్తూనే పిండిని వేళ్లతో పొడుగ్గా సాగదీసి అ, ఆ, ఇ వంచి పెట్టేదాన్ని. పిండికి మొనలు నిలవవు. అన్నీ గుండ్రంగా, బొద్దుగా, పాలు తాగి పడుకున్న పసిపిల్లల్లా వచ్చేవి. ఫోన్‌లో ఫొటోలు తీసి ఒక్కొక్కటే కంప్యూటర్‌లో గీశాను. ఒత్తులైతే ఏడిపించాయి. రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ ఆయన "గా గీతలు ఆపి జర చాయ్ పెట్టు" అంటూనే ఉన్నాడు. మా మామ రెడ్యా "కోడలు ఆడుకుంటుంది" అని వచ్చినవాళ్లకు చెప్పి నవ్వేవాడు.

ఇప్పుడు ఏన్కూరు కర్రీ పాయింట్ నుంచి పినపాక ప్లేస్కూల్ దాకా అందరికీ అదే కావాలి. దూరం నుంచి కనిపిస్తుంది, కానీ ఎవరినీ గదమాయించదు. ఐస్‌క్రీం బండికి, ఓణీల ఫంక్షన్‌కు చక్కగా కుదురుతుంది. శ్రద్ధాంజలికి మాత్రం పెట్టను. చావు దగ్గర అంత బొద్దుతనం బాగుండదు. చిన్న జాగాలో ఇరికిస్తే లోపలి ఖాళీ పూడుకుపోయి నల్లటి మచ్చ మిగులుతుంది. ఇరుకులో ఏమవుతుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

కస్టమర్ వెళ్లాక ఆయన నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఈ అక్షరం జిల్లాల ఉన్న ఫ్లెక్సీ షాపులన్నిటికి పంపుదాం. 'జగదీష్ బోల్డ్' అని పేరు పెట్టి వాట్సాప్ గ్రూపుల ఎయ్యి. షాపు మీదికి బోర్డు గూడ చెయ్యి, నా ఫొటోతోటి."

"గీసింది నేను కదా!"

"ఎవలు గీస్తే ఏంది? షాపు నాది. ఇంట్ల కూసోని చేసినదానికి గూడ పేరు కావాల్నా నీకు?"

మామ మంచం మీద నుంచే అందుకున్నాడు. "ఆడిదాని పేరు పెడితె ఎవలు వాడుతర్రా?"

ఒళ్లు మండిపోయింది. ఈ చేతులతో ఎంతమంది మగవాళ్ల పేర్లు గోడంత చేసి నిలబెట్టానో! మా పెళ్లిరోజు ఫ్లెక్సీలో కూడా నా పేరు ఆయన పేరు కింద, సగం సైజులో ఉంది. అది కూడా నేనే పెట్టాను. ఆ సంగతి తలుచుకుంటే ఆయన మీద కంటే నా మీదే నాకు అసహ్యం వేసింది.

ఆయన బయటికి వెళ్లాక ఫైలు తెరిచాను. 'లావు' చెరిపి, పేరు రాసే గడి వైపు ఐదు నిమిషాలు చూస్తూ కూర్చున్నాను. తర్వాత కొత్త పేరు కొట్టాను. షాపుల గ్రూపులో పంపాను.

"పంపినవా?" అని బయటి నుంచి అడిగాడు.

"అవ్, అందరికీ పోయింది. బోర్డు మాత్రం నువ్వే చేసుకో."

పిండి దగ్గరికి వెళ్లిపోయాను. ఫైలులో పేరు మార్చడం ఆయనకు రాదు. నేనుండగా నేర్చుకోవలసిన అవసరం ఎప్పుడు పడింది గనక? రేపు తన పేరు లావుగా రాసుకోవాలంటే, ఆ వరుసలో వెతికి ముందు 'పుష్ప' మీద నొక్కాలి.