మంచి కబురు

"ఆ నిక్కరు దండెం మీద వేయకమ్మాయ్, పై వాటా వాళ్ళకి కనపడుద్ది," అంది మా అత్తయ్య రోసమ్మ.

వేయబోతున్నదాన్ని వెనక్కి తీసుకున్నాను. పెళ్ళయి మూడేళ్ళు దాటినా ఆ మాట ఆవిడ కొత్తగా చెబుతున్నట్టే చెబుతుంది, నేనూ కొత్తగా విన్నట్టే వింటాను. నా ఆట బట్టలు స్నానాలగదిలో మేకుకు వేలాడతాయి. వానాకాలంలో అక్కడ ఏదీ ఆరదు. తడి నిక్కరు సంచిలో కుక్కుకుని చిలకలగూడ నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి లాలాగూడ గ్రౌండుకు పరిగెత్తేదాన్ని. తొడలు ఒరుసుకుని మండేవి. ఆ మంటకు పౌడరు రాసుకుంటే, ఈ పౌడరు ఇంత తొందరగా ఎలా అయిపోతోందని ఇంట్లో ఇంకో ప్రశ్న.

అది ఎనభై ఆరో సంవత్సరం. ఆలిండియా పోటీలకు వెళ్ళే మా రాష్ట్ర ఆడవాళ్ళ ఫుట్‌బాల్ జట్టును ఎంపిక చేస్తున్నారు. ఎంపికకు ముందు రోజు పొద్దున లేవగానే పొత్తికడుపు పట్టేసింది. నెలసరి. ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టి, ఆయన క్యారియర్‌లోకి పప్పు తాలింపు వేస్తూ, ఈ సంగతి అత్తయ్యకు ఎప్పుడు తెలుస్తుందా అని ఆలోచిస్తున్నాను. ప్రతి నెలా నాకు రెండు భయాలు. వస్తే ఆవిడ ముఖం చూడాలి. రాకపోతే నా ఆట అయిపోతుంది. రాకూడదని మోకాళ్ళ మీద ప్రార్థన చేసి, లేచి నిలబడేలోపే, ఇప్పుడే కాదు ప్రభువా, ఈ పోటీలు అయ్యాక, అని బతిమాలుకున్న రోజులున్నాయి. ఏ ప్రార్థన నాదో నాకే తెలిసేది కాదు. పిల్లలు వద్దని కాదు. కావాలి. కానీ ఒకసారి ఆపితే మళ్ళీ నన్నెవరు రమ్మంటారు? నాకు ముప్ఫై దగ్గరపడుతోంది. కొత్తగా వస్తున్న పిల్లలు చిరుతల్లా పరిగెడుతున్నారు. వెనక్కి తిరిగే లోపల దాటిపోతున్నారు.

నేను స్టాపర్‌ని. మా గోల్‌కు ముందు నిలబడి అవతలి జట్టు ఫార్వర్డ్‌లను ఆపేదాన్ని. మా నాన్న జకర్యా లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరు. ఆదివారం గుడి నుంచి వచ్చాక నన్ను గ్రౌండుకు తీసుకెళ్ళేవాడు. పొడుగ్గా ఉన్నానని, తలతో బంతి కొట్టడానికి జంకనని వెనక నిలబెట్టాడు. "ముందరోళ్ళు తప్పు జేస్తే ఇంకో చాన్సు ఉంటది బిడ్డా. నువ్వు జేస్తే గోలే," అనేవాడు. ఆ మాట ఎనిమిదో తరగతిలో నా ఒంట్లోకి దిగింది, మళ్ళీ బయటకు రాలేదు. బంతి అవతలి గోల్ దగ్గర ఉన్నప్పుడు కూడా నేను వెనక్కి చూసుకుంటూనే ఉంటాను. ఆట వల్ల ప్రభుత్వాఫీసులో ఉద్యోగం వచ్చింది. జీతం ఆటకే ఇస్తారు, అయినా పోటీల నుంచి తిరిగొచ్చేసరికి నా బల్ల మీద ఫైళ్ళు గుట్టగా ఉండేవి. "బంతి తన్నితే ఉద్యోగమొచ్చింది, ఫైలు తన్నితే పని కాదమ్మా," అని మా సూపరింటెండెంటు పద్మనాభం గారు అందరూ వినేలా నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే మళ్ళీ సెలవు ఇవ్వరు.

మా ఆయన దేవానందం బ్యాంకులో పనిచేస్తారు. నన్ను చూసింది కూడా గ్రౌండులోనే. పెళ్ళిలో తన స్నేహితులందరికీ పేపర్లో పడ్డ నా ఫోటో చూపించారు. "మా ఆవిడ స్టేట్ ప్లేయర్" అన్నప్పుడు ఆయన గొంతులో గర్వం నాకు ఇప్పటికీ గుర్తే. ఆ గర్వాన్ని చూసే ఒప్పుకున్నాను. తరువాత అదే మనిషి, "ఈ ఒక్క ఏడాదే కదా మేబెల్?" అని అడగడం మొదలుపెట్టారు. తరువాత, "మా మేనేజరు భార్య నిన్ను గ్రౌండులో చూసిందట, నా తల ఎక్కడ పెట్టుకోమంటావు?" అన్నారు. పిల్లలు కలగకపోవడంతో ఇంట్లో వాళ్ళకు అన్నిటికీ ఒకటే జవాబు దొరికింది. గెంతుతుంది కాబట్టి నిలవడం లేదు. డాక్టరమ్మ నన్ను పరీక్ష చేసి, ఆటకూ దీనికీ ఏం సంబంధం లేదమ్మా, ఒకసారి మీ ఆయన్ను కూడా తీసుకురా అంది. ఆయన వెళ్ళలేదు.

ఆ సాయంత్రం గ్రౌండుకు వెళ్ళేసరికి చినుకులు ఆగాయి. బూట్లు కట్టుకుంటుంటే మా కోచ్ సోమయ్య సార్ వచ్చి నా ముందు నిలబడ్డారు. ఎప్పుడూ అరిచే మనిషి ఆ రోజు మెత్తగా మాట్లాడారు.

"బూట్లు ఎందుకు బేటా? నువ్వు కూసో. జెర పైలం."

"ఏమైంది సార్?"

"మా దగ్గర దాస్తవా? మీ ఆయన పొద్దుగాల నా ఆఫీసుకు ఫోన్ జేసిండు. మంచి ఖబర్ చెప్పిండు. ఇన్నేండ్లకు దేవుడు కరుణించిండు, ఇంక ఆట మాట ఎత్తొద్దు సార్ అన్నడు. మంచిదే గద. నీ జాగల కొత్త పిల్లను చూస్త."

జట్టులో పిల్లలు నా చుట్టూ మూగారు. ఒకమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. ఇంకొకమ్మాయి మిఠాయి ఏదక్కా అంది. నాకు కడుపులో మెలిపెడుతోంది, కాళ్ళలోకి నొప్పి దిగుతోంది, వాళ్ళేమో నా కడుపు వైపు చూసి మురిసిపోతున్నారు. కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఆ మాట అంటే ఆయన అబద్ధాలకోరు అవుతారు. ఇంతమంది ముందు. ముందు ఇంటికెళ్ళి అడగాలి, ఏదో పొరపాటు జరిగుంటుంది, సార్ తప్పుగా విన్నారేమో. అలా నాకు నేనే సర్దిచెప్పుకుంటూ బూట్లు విప్పేశాను. గట్టు మీద కూర్చుని, నా చోట కొత్త పిల్ల ఆడుతుంటే చూశాను. బాగా ఆడింది. అదొకటి.

ఇంటికి వెళ్ళేసరికి ఆయన కాఫీ తాగుతున్నారు. అత్తయ్య వరండాలో బియ్యం ఏరుతోంది.

"సోమయ్య సార్‌కి ఏం చెప్పారు మీరు?"

ఆయన కంగారు పడలేదు. అదే నన్ను భయపెట్టింది. "కూర్చో. ఎందుకంత గొంతు? ఇవాళ కాకపోతే రేపు కావలసిందేగా. కాస్త ముందు చెప్పాను, అంతే."

"నాకు పొద్దున్నే నెలసరి వచ్చిందండీ."

"అయితే ఏమైంది? పోటీలు అయిపోనీ. తరవాత పోయిందని చెబుదాం. ఎంతమందికి పోవట్లేదు? నాలుగు రోజులు జాలిపడతారు, మర్చిపోతారు. నిన్నెవరూ ఏమీ అనరు కూడా."

ఎంత తేలిగ్గా అన్నారో. లేని బిడ్డను నా కడుపులో పెట్టింది ఆయనే. ఎప్పుడు తీసెయ్యాలో కూడా నిర్ణయించేశారు. నలుగురూ వచ్చి ఓదారుస్తుంటే నేను తల వంచుకుని కూర్చోవాలి. ఆడినందుకే పోయింది, మేం చెప్పలేదూ, అని వాళ్ళు అంటారు. ఆ మాట ఇక జీవితాంతం నాది.

వరండాలో చేట కింద పెట్టిన చప్పుడైంది. అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది. "ఏంటిరా నువ్వన్నది?"

"నీకు తెలీదులే అమ్మా."

"నాకు తెలీదా? నీ ముందు ఇద్దరు పోయారు నాకు. ఒకడికి పేరు కూడా పెట్టుకున్నాం. పోయిందని చెబుతావా? మాట వరసకి చెప్పేదా అది?" ఆవిడ నా వైపు తిరిగింది. నన్ను దగ్గరకు తీసుకుంటుందనుకున్నాను. తీసుకోలేదు. "నువ్వు కూడా ఆ ఆట మానేస్తే ఇంత దూరం వచ్చేది కాదు," అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రెండు మాటలూ నిజంగానే అందావిడ. రెంటినీ ఎలా కలుపుకోవాలో నాకు తెలియలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసులో అంకెలు కనబడలేదు. వెళ్ళాలా వద్దా. వెళ్ళి నిజం చెబితే ఇంట్లో ఏం జరుగుతుంది? చెప్పకపోతే? మగవాళ్ళ ముందు నెలసరి మాట ఎలా ఎత్తడం? ఎత్తినా నమ్ముతారా? భర్త మాట కాదని భార్య మాట ఎవరు నమ్ముతారు? అరచేతులు చెమటపట్టి కాగితం తడిసింది. పెద్ద పోటీకి ముందు కూడా నాకు ఇలాగే ఉంటుంది. విజిల్ మోగేవరకే. మోగాక భయపడే తీరిక ఉండదు. అది గుర్తొచ్చి లేచాను.

గ్రౌండులో ఎంపిక చేసేవాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. జెర్సీలు పంచుతున్న సోమయ్య సార్ నన్ను చూసి, "నువ్వెందుకొచ్చినవ్ బేటా? ఇంట్ల రెస్టు తీస్కోవాలె గద," అన్నారు.

"నాకేం లేదు సార్. నేను కడుపుతో లేను. నెలసరి నడుస్తుంది, నిన్ననే షురూ అయింది. నన్ను ఆడనియ్యండి."

నా గొంతు నేననుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. కుర్చీల్లో ఒకాయన తల పక్కకు తిప్పుకున్నాడు. పిల్లలు నేల చూశారు. సోమయ్య సార్ ముఖం ఎర్రబడింది. చేతిలో జెర్సీ మడతపెడుతూ అడిగారు.

"మరి మీ ఆయన ఎందుకు గట్ల చెప్పిండు?"

జవాబు నా నోటి చివర సిద్ధంగా ఉంది. తొందరపడ్డారు సార్, పాపం ఆశతో అన్నారు సార్. ఆయన తరఫున ఇలాంటివి నేను ఎన్ని చెప్పానో. డాక్టరమ్మకు ఊళ్ళో లేరని చెప్పాను. అమ్మానాన్నలకు బ్యాంకులో పని ఎక్కువని చెప్పాను. అత్తయ్యకు, డాక్టరమ్మ ఆయన్ను రమ్మన్న సంగతే చెప్పలేదు.

"అది ఆయన్నే అడగండి సార్," అన్నాను.

సార్ జెర్సీ నా మీదికి విసిరారు. ఆ రోజు నేను గొప్పగా ఏమీ ఆడలేదు. ఒకసారి ఒక ఫార్వర్డ్ పిల్ల నన్ను దాటిపోయింది కూడా. కానీ తలతో అందుకోవలసిన బంతులన్నీ అందుకున్నాను. కడుపు నొప్పి ఉంది. నొప్పితోనే ఆడాను. చీకటి పడేముందు పేర్లు చదివారు. స్టాపర్ దగ్గర నా పేరు వచ్చింది, కొత్త పిల్లది నా తరువాత.

ఇంటికి వెళ్ళేసరికి కబురు నాకన్నా ముందే చేరింది. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"నా పరువంతా గ్రౌండులో పారేసి వచ్చావా? ఏం చెప్పావు వాళ్ళకి నా గురించి?"

"మీ గురించి నేనేమీ చెప్పలేదండీ," అన్నాను. "ఇక ఎవరికీ చెప్పను. డాక్టరమ్మ మిమ్మల్ని రమ్మంటే ఎందుకు వెళ్ళడం లేదో, మీ అమ్మగారు లోపల ఉన్నారు, ముందు ఆవిడకి మీరే చెప్పండి."