కారు తెర మీద పోచమ్మ పేరు

"నా పేరు కారు తెర మీద కనవడాలె. కనవడ్డంకనే మిగిలిన పాటలు. అప్పటిదాక నోరు తెరిస్తే ఒట్టు" అని పోచమ్మ తొండుపల్లి నడిబజార్ల నిలవడి చెప్పింది. ఆమె ఒక మాట అన్నదంటే అన్నదే. ఆ మాట మీదికెల్లి ఆమెను దించుడు కట్టుకున్న పెనిమిటి తరమే కాలేదు, ఇగ శిరీష ఎంత!

శిరీష ఆ ఊరి పిల్లనే. ఇంటి వెనుక అర్రల ఒక మైకు, ఒక కంప్యూటర్ పెట్టుకొని ఇంటర్నెట్ల రేడియో నడుపుతది. పాటలన్నీ ఊరోళ్లయే. వినేటోళ్లు ఎక్కువ ఎయిర్‌పోర్ట్ క్యాబ్ డ్రైవర్లు. పార్కింగ్‌ల తమ నంబర్ ఎప్పుడొస్తదా అని గంటలకు గంటలు కూసుంటరు గద, ఫోన్ల రేడియో పెట్టి కారు స్పీకర్లకు కలుపుతరు. అప్పుడు కారు తెర మీద ఒక పక్క రేడియో గుర్తు, డప్పు బొమ్మ, వస్తది. దాని పక్కన పాడినోళ్ల పేరు రావాలె. ఆ పేరు కాడనే వచ్చింది తంటా.

పోచమ్మకు ఈ పేరు పట్టింపు ఊకెనే రాలేదు. ముప్పై ఏండ్ల కింద పట్నం నుంచి ఎవరో వచ్చి, ఆమెతోని నాట్ల పాటలు పాడిచ్చుకొని క్యాసెట్ వేసిన్రు. అట్ట మీద మట్టుకు 'పాడినవారు: బృందం' అని కొట్టిచ్చిన్రు. ఆ క్యాసెట్ చాయ్ హోటళ్లల్ల మోగింది, లారీలల్ల మోగింది. "గా గొంతు నాదే" అని పోచమ్మ చెప్తే సొంత ఆడిబిడ్డ సుత నమ్మలే. "బృందం అంటే నువ్వేనా వదినా?" అని పదిమందిల పకపక నవ్వింది. ఆ నవ్వు యాదికొస్తే పోచమ్మకు ఇప్పటికీ కడుపుల మంట లేస్తది.

ఆమె నోట్లె ఇంకా ముప్పై పాటలున్నయ్. శిరీషకు ఇచ్చినయ్ నాలుగే. మిగిలినయ్ ఇంకెవ్వరికీ రావు. ఆ పాటలల్ల వచ్చే మడికట్ల మీద ఇప్పుడు విమానాలు దిగుతున్నయ్, వాటి పేర్లు పాటలల్లనే మిగిలినయ్. అందుకే శిరీషకు అంత ఆరాటం.

మొదటి ఐతారం పొద్దుగాల పది గంటలకు పాట వస్తదని ముందే చాటింపు అయింది. పోచమ్మ కొడుకు జగదీశ్ క్యాబ్ నడుపుతడు. తల్లిని కొత్త చీరల ముందు సీట్ల కూసోవెట్టుకొని పార్కింగ్‌కు తీస్కపోయిండు. శిరీష వెనుక సీట్ల. పది కొట్టింది, పాట మొదలైంది. డప్పు బొమ్మ నిగనిగలాడుకుంట వచ్చింది. దాని పక్కన ఏవో ఇంగ్లీషు అక్షరాలు వచ్చినయ్, వాటి నెత్తిన చుక్కలు, కొమ్ములు, నడుమ ఒక డాలర్ గుర్తు.

పోచమ్మకు చదువు రాదు. పొదుపు సంఘంల సంతకం నేర్పిన్రు కాబట్టి తన పేరు మట్టుకు గుర్తువడతది.

"ఇది నా పేరా బిడ్డా?" అన్నది.

"జర ఆగు అవ్వా..."

"దీనికి కొమ్ములున్నయేంది? నేను బర్రెనా?"

జగదీశ్ నవ్వు ఆపుకోలేక కిటికీ దిక్కు తిరిగిండు.

"వచ్చే ఐతారం దాక చూస్త. అటెన్క నేను పాడ, నువ్వు అడగకు" అని పోచమ్మ కొంగు దులుపుకొని కూసున్నది.

పేర్ల లిస్టు కొట్టిచ్చింది శంషాబాద్‌ల శ్రీరామమూర్తి దుకాణంల. ఆయనది కోస్తా దిక్కు, ఉండేది అత్తాపూర్‌ల, ముప్పై ఏండ్లుగ పెండ్లి పత్రికలు కొట్టుడే పని. శిరీష సోమవారం పోయి ఆయన కంప్యూటర్ తెరిచి చూసి ముక్కు మీద వేలేసుకున్నది. ఆయన ఏది కొట్టినా పెండ్లి పత్రికల ఫాంట్‌లనే కొడతడు. పాత ఫాంట్ అది. లోపల ఉన్నయి ఇంగ్లీషు అక్షరాలు, పైన తెలుగు వేషం కట్టుకున్నయ్. కాయితం మీద అచ్చేస్తే ముత్యాల లెక్కుంటయ్, ఇంకో మిషన్‌కు పోతె వేషం ఊడిపోతది.

"మూర్తి సార్, ఇది తెలుగు గాదు" అన్నది శిరీష.

ఆయనకు చుర్రుమన్నది. "ఏమిటమ్మాయ్ ఆ మాట? నేను తెలుగు కాని తెలుగు కొడతానా? ఈ అక్షరాలతో ఆరు వేల పెళ్లిళ్లు జరిపించాను. ఒక్క పెళ్లికొడుకైనా మారిపోయాడా?"

ఆయనకు నచ్చజెప్పే ఓపిక లేక శిరీష ఇంటికొచ్చి పేర్లన్నీ అసలు తెలుగుల మళ్ల కొట్టుకున్నది. పెట్టి చూస్తే ఈసారి ప్రశ్న గుర్తులు! ఒకటి గాదు రెండు గాదు, పోచమ్మ పేరుకు, గుణింతం, ఒత్తు విడివిడిగ లెక్కవెట్టి, సరిగ్గ ఆరు. పాడింది ఎవరని రేడియోనే అడుగుతున్నట్టున్నది. పంపుతున్నది తెలుగే, పోతున్నది ప్రశ్నలు. మరి నడుమ ఎవరు మింగుతున్నరు? మంగళవారం, బుధవారం ఆ గుర్తులను చూసుకుంటనే బువ్వ తిన్నది. గురువారం దొరికింది. పాటను పంపే సాఫ్ట్‌వేర్ పేర్లను ఇంగ్లీషు అక్షరాల లెక్కలనే పంపుతున్నది, దానికి తెలియని అక్షరం వస్తే ప్రశ్న గుర్తు పెట్టి చేతులు దులుపుకుంటున్నది. సెట్టింగులల్ల ఒక మూలకు 'యూటీఎఫ్-8' అని చిన్న గడి ఉన్నది. అండ్ల టిక్కు పెడితే అన్ని భాషలు పోతయ్. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, రెండు దినాల పరేషాన్‌కు దొరికింది ఒక్క టిక్కు.

టిక్కు పెట్టంగనే ఫోన్ల 'పోచమ్మ' అని ముద్దుగ వచ్చింది. శిరీష ఎగిరి గంతేసింది. శనివారం పొద్దుగాల ఫోన్ పట్టుకొని పార్కింగ్‌కు ఉరికి జగదీశ్ కారుకు కలిపింది.

"చెల్లె, పేరు గాదు, ఆరు డబ్బాలు వచ్చినయ్" అన్నడు జగదీశ్.

నిజమే. తెర మీద వరుసగ ఆరు ఖాళీ డబ్బాలు. పేరు సక్కగనే కారు దాక వచ్చింది, కాని ఆ కారు తెర లోపల తెలుగు అక్షరాలే లేవు. పక్క కార్ల చూసిన్రు, అండ్ల సుత గంతే. తయారు చేసినోళ్లే పెట్టంది ఇక్కడ కూసొని ఎవరేం చేస్తరు? "ఇంగ్లీషుల పెడదాం తియ్" అన్నడు జగదీశ్. "అవ్వ గుర్తువట్టేది తెలుగుల అన్నా" అన్నది శిరీష. అని సీట్ల కూలవడ్డది. వారం దినాల కష్టం బూడిదల పోసినట్టయింది, ముప్పై పాటలు చేతికందినట్టే అంది పోతున్నయ్. ఆమెకు ఏడుపొచ్చింది.

కండ్లు తుడుచుకొని తెర దిక్కు చూసింది. డబ్బాల పక్కన డప్పు బొమ్మ ఎప్పటి లెక్కనే నిగనిగలాడుతున్నది. అక్షరాలు రాని కారుకు బొమ్మ ఎట్లొచ్చింది? బొమ్మను కారు చదవదు, చూపెడతది. అంతే!

"అన్నా, బండి తీయ్! మూర్తి సార్ దుకాణానికి!"

శ్రీరామమూర్తి ఇంకా అలకలనే ఉన్నడు, తల ఎత్తలే. శిరీష ఆయన బల్ల ముందట నిలవడి చెవులు పట్టుకున్నది. "సార్, నాకు మీ అక్షరాలే కావాలె. పోచమ్మవ్వ పేరు బొమ్మ లెక్క చేసియ్యాలె. బొమ్మకు వేషం ఊడదు."

ఆయన కండ్లద్దాలు సవరించుకున్నడు. కొంచెంసేపు బెట్టు చేసిండు, ఎక్కువసేపు చేతగాలే. "పెళ్లికూతురి పేరుకు వాడే అక్షరాలు వేయనా అమ్మాయ్? అవి అందరికీ వేయను" అన్నడు.

ఐతారం మళ్ల ముగ్గురు జగదీశ్ కార్లనే, పార్కింగ్‌ల. పది కొట్టింది. పాట మొదలైంది. డప్పు బొమ్మ జాగల కుంకుమ రంగు మీద బంగారు అక్షరాలు, చుట్టు ముత్యాల అంచు. పోచమ్మ. కింద చిన్నగ, తొండుపల్లి నాట్ల పాట. పక్కన ఆరు డబ్బాలు ఉంటె ఉన్నయ్, వాటిని చూసినోడెవడు! తెర ఉన్న ప్రతి కార్ల అదే పేరు. డ్రైవర్లు హారన్లు కొట్టుకుంట ఒకటే లొల్లి.

పోచమ్మ వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం తడిమింది. శిరీష వెనుక సీట్ల నుంచి ముందుకు వంగింది. "ఏందవ్వా, మంచిగ లేదా?"

"లగ్గం పత్రిక లెక్కున్నది బిడ్డా" అన్నది పోచమ్మ. "నా లగ్గానికి పత్రిక కొట్టియ్యలే. మా బాపు ఇంటింటికి పోయి 'మా పిల్ల లగ్గం' అని చెప్పి వచ్చిండు. గప్పుడు సుత నా పేరు చెప్పలే."

కొంగుతోని కండ్లు ఒత్తుకున్నది. మరుక్షణమే కొడుకు దిక్కు తిరిగింది.

"ఒరేయ్, సాతంరాయిల మీ మేనత్తకు వీడియో ఫోన్ కలుపు. బృందం ఎవరో చూడుమను."

ఫోన్ల ఆడిబిడ్డ మొకం కనవడ్డది. పోచమ్మ ఫోన్‌ను తెర దిక్కు తిప్పి, గొంతు సవరించుకొని ఐదో పాట ఎత్తుకున్నది.

"ఆగవ్వా, మైకు ఇంట్లున్నది!" అని శిరీష మొత్తుకున్నా వినలే. శిరీష తన ఫోన్ల రికార్డు నొక్కి ఆమె నోటి కాడ పెట్టి పట్టుకున్నది. పక్క కార్లోళ్లు ఒక్కొక్కరే హారన్లు ఆపిన్రు.