ఊడదీసిన పట్టీలు

గుడ్డసంచిలో రెండు పంచెలు, కండువా, జొన్నరొట్టెల మూట పెట్టాను. పైన దుప్పటి కుక్కుతుంటే మా ఆయన వచ్చి లాగేశాడు.

"సాయంత్రానికి నంద్యాల, రేపటికి ఇల్లు. దుప్పటెందుకే? కాశీకి పోతుండానా ఏంది?"

"ఘాట్‌లో చలి."

"ఇంజను పక్కన కూర్చుంటే చలేంది, చెమట!"

ఆయన అటు తిరగ్గానే మళ్లీ పెట్టాను.

మార్కాపురంలో మాది పలకల వ్యాపారం. వాకిట్లో ఉన్న లారీ మద్రాసు వేలంలో కొన్న మిలిటరీ బండి. అంత పొడుగు బండి గనుల దారుల్లో మలుపు తిరిగేది కాదు. మెకానిక్ మస్తానయ్య దాని ఛాసీని నడుము దగ్గర కోసి, బారెడు ముక్క తీసేసి, ఇనుపరేకులు వేసి రివిట్లు కొట్టి అతికించాడు. మలుపులు తిరిగింది. కానీ వెనక కమాన్లు, అంటే చక్రాల మీద బరువు మోసే స్ప్రింగుపట్టీల కట్టలు, ఫిరంగుల బరువుకు చేసినవి, మహా బిరుసు. గుంటలో పడితే చాలు, పలకలు పగిలేవి. మా ఆయన మహేశ్వర్లు మాట మీద మస్తానయ్య కమాన్ కట్టల్లోంచి పట్టీలు ఒక్కొక్కటే ఊడదీస్తూ వచ్చాడు.

పలకలవాళ్లు బండిని పరీక్షించే తీరు ఒకటే. పెట్టెల్లో వరిగడ్డి మధ్య పలకలు నిలువుగా పేర్చి, కొంతదూరం తిప్పుకొచ్చి, వెనక చక్రం మీది పెట్టె విప్పుతారు. ఏదీ పగలకపోతే టెంకాయ కొడతారు. ముందురోజు కంభం దాకా పోయొచ్చి విప్పారు. ఒక్కటీ పగల్లేదు. టెంకాయ కొట్టేశారు.

అందరూ పెట్టె చుట్టూ మూగారు. నేను మాత్రం అంతకుముందే, బండి మా వీధి మలుపు తిరిగేటప్పుడు వెనకనుంచి చూశాను. వెనకభాగం కుంగి, ఒక పక్కకు ఒరిగి, నిండు చూలాలు లేచినట్టు మెల్లగా లేచింది.

"మస్తానయ్యా, అది ఒరుగుతాంది. పట్టీలు మళ్లీ బిగించు నాయనా."

"చెప్పినానక్కా, మహేశ్వర్లన్న వింటేగదా! ఈ తడవ పోయొచ్చినాక రెండెక్కిస్తా. నేనూ ఎక్కుతుండాగా, బండి ఏమంటదో వినాల."

"పలకే పగల్లేదు, నీకేం పగిలిందే?" అని మా ఆయన నవ్వాడు.

బయలుదేరేటప్పుడు సంచి అందించాను. స్టీరింగు ముందు కూర్చున్న మా ఆయన సంచిలో దుప్పటి చూసి, కిటికీలోంచి నా మీదికే విసిరాడు. మస్తానయ్య కూడా నవ్వాడు. లారీ కదిలింది.

గిద్దలూరులో వాళ్లు టీ తాగడం చూసినవాళ్లున్నారు. తరవాత నల్లమల ఘాట్ దిగుడు మలుపులో బండి ఒరిగింది. ఈసారి లేవలేదు. లోయలో పడింది.

పెట్టెలు ఎడ్లబండి మీద ఇంటికి వచ్చాయి. గడ్డిలో పలకలు సగానికి పైగా బాగానే ఉన్నాయి. మా బావగారు తుడిచి కురిచేడు పంపి అమ్మేశారు. ఒకటి నేను దాచుకున్నాను. దాని మీదే అక్షరాలు దిద్దుకుని చదవడం నేర్చుకున్నాను. ఊడదీసిన పట్టీలు మస్తానయ్య షెడ్డులో గోడకు ఆనించినవి ఆనించినట్టే తుప్పు పట్టాయి. ఇప్పటికీ ఇంట్లో ఎవరు సంచి సర్దినా నేను వాకిట్లోకి రాను.

మా ఆయన ఉమామహేశ్వర్లు, మెకానిక్ మస్తానయ్య తిరిగి రాలేదు. 1957, శివరాత్రి ముందటి సోమవారం.