పొట్టి తూటా

బ్యాంకు డబ్బు మోసే వ్యానుకి కాపలా కాసేవాళ్ళలో బావకీ బావమరిదికీ కలిపి ఒకటే పిస్టల్. పగలు బావది, రాత్రి బావమరిదిది. ఈ బావమరిదికి భయం పుట్టుకతో వచ్చిన ఆస్తి. కుక్కర్ కూతేస్తే పక్కగదిలోకి పోయే రకం. అందుకే కంపెనీ కంపెనీ అంతా వాణ్ణి 'దడదడ' అంటుంది. ఆ నామకరణం చేసిన మహానుభావుడు బావే.

డ్యూటీ మారేటప్పుడల్లా పిస్టల్ ఖాళీ చేసి చూపించాలి. లోపల సిద్ధంగా ఉన్న తూటా బయటికి ఊడి పడుతుంది. అదెక్కడ దొర్లిపోయి పీకల మీదికి తెస్తుందోనని, తూటాలు పేర్చే మ్యాగజైన్‌లో అన్నిటికన్నా పైన దాన్నే మళ్ళీ కుక్కుతారు. తీసుకున్నవాడు పిస్టల్ పైన జరిగే స్లైడ్ లాగి వదలగానే అదే తూటా మళ్ళీ లోపలికి. ట్రైనర్ నేర్పిన పద్ధతే అది. ఇన్నాళ్ళూ ఎవరికీ ఏ అనుమానం రాలేదు.

ఆ పొద్దున బావకి కాల్పుల పరీక్ష. పిస్టల్ అప్పగిస్తూ దడదడ, ఊడిన తూటాని ఇంకోదాని పక్కన బల్లమీద నిలబెట్టాడు. దాని మొన ఇత్తడి గొట్టంలోకి కాస్త దిగిపోయి ఉంది.

"బావా, ఇది పొట్టిగా లేదూ?"

"మీ అక్క మాత్రం పొడుగా? ఇల్లు దద్దరిల్లిపోవట్లేదూ! సైజు చూసి తీసిపారెయ్యకూడదురా."

తూటా లాక్కుని, మ్యాగజైన్‌లో కుక్కి, ఈలేసుకుంటూ పోయాడు.

దడదడకి కాలు నిలవలేదు. తుపాకులు బాగుచేసే మేస్త్రీకి సంగతి చెప్పాడు. మేస్త్రీ చేతిలోని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేశాడు.

"రోజూ ఆ ఒక్కదాన్నే లోపలికి కొడుతున్నారా? వెళ్ళిన ప్రతిసారీ దాని మూతి గుద్దుకుని లోపలికి దిగుతుంది నాయనా. గొట్టంలో ఉన్న మందుకి చోటు తగ్గిపోతుంది. కాలిస్తే ఒత్తిడి పట్టలేక పిస్టల్ చేతిలోనే పేలొచ్చు."

"పేలకపోవచ్చు కూడా కదన్నా?"

"పోవచ్చు. మీ బావ చేత్తో చూద్దామంటావా?"

దడదడ పరుగందుకున్నాడు. కాల్పుల మైదానం గోడౌన్ల వెనకే. హద్దుగా కట్టిన తాడుకి అవతల కాపలావాళ్ళంతా వరసగా నిలబడ్డారు. అందరి చెవుల మీదా శబ్దం ఆపే మూతలే.

"బావా! కాల్చకు! ఆగు!"

బావ ఎందుకో వెనక్కి తిరిగాడు. వీణ్ణి చూశాడు. గుండె మీద చెయ్యేసుకుని దడదడా కొట్టుకుంటున్నట్టు అభినయించి, కన్నుకొట్టి, మళ్ళీ ముందుకు తిరిగాడు.

ట్రైనర్ చెయ్యి పైకి లేచింది. అది కిందికి దిగితే కాల్చడమే.

ఆ మూతలు దాటి కేక పోదని దడదడకి అర్థమైంది. ఇంక అరిచినా గాలే. తాడు కింద దూరి, పక్కనుంచి పరిగెత్తి, గురిబొమ్మల ముందుకెళ్ళి రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడు. కళ్ళు గట్టిగా మూసేసుకున్నాడు.

పిస్టళ్ళన్నీ నేలవైపు దిగాయి. తిట్లు మొదలయ్యాయి.

"చావాలనుందేంట్రా నీకు?" మూతలు పీకేసుకుంటూ వచ్చాడు బావ. మొహంలో చుక్క నెత్తురు లేదు.

"నాక్కాదు బావా... నీ తూటా... తియ్యి... పక్కదానితో పెట్టి చూడు..."

మాట ముక్కలు ముక్కలుగా వచ్చినా మేస్త్రీ చెప్పిందంతా కక్కేశాడు. బావ తూటా ఊడదీసి, ఇంకోదాని పక్కన అరచేతిలో పెట్టుకుని చూశాడు. వరసలో రెండోవాడు తనది తీసి చూసుకున్నాడు. తర్వాత మూడోవాడు. ఒకడిది బాగానే ఉంది. ఇంకొకడిది బావ దానికన్నా పొట్టి. ట్రైనర్ ఎవరి మొహమూ చూడకుండా, తన నడుముకున్న పిస్టల్ తీసి మెల్లగా ఖాళీ చెయ్యడం మొదలుపెట్టాడు.

బావ వచ్చి దడదడ భుజమ్మీద కుడిచెయ్యి వేశాడు. వాడు ఆ చేతి అయిదు వేళ్ళనీ గుప్పిట్లో పట్టుకుని, ఎంతసేపటికీ వదల్లేదు.