నలుపు వేయని వీపు

పసుపు రంగు పొడిలో వార్నిష్ పోసి నీలకంఠం రెండు వేళ్ళతో కలుపుతున్నాడు. ఉండలు చిట్లి, రంగు వేళ్ళ సందుల్లోంచి మెత్తగా జారడం మొదలుపెట్టగానే అతని ముఖం తేటపడింది. ఈ క్షణమంటే అతనికి ఎప్పుడూ ఇష్టమే. సంఘం అరుగు మీదికి ఏటవాలుగా వచ్చిన పొద్దుటెండ గిన్నెలో పడి, అడుగున ఎవరో దీపం పెట్టినట్టు వెలిగింది. ఒక చుక్క మోచేతి దగ్గర రాసుకుని, గాలి ఊది, అది ఆరే తీరు చూశాడు. ఇంకాస్త కిరోసిన్ పడాలి.

మామూలు రోజుల్లో అతను బరంపురం దుకాణాలకు బోర్డులు రాస్తాడు. పొట్టి మనిషి. కుంచె పట్టి పట్టి మెడ ఒక పక్కకు వంగిపోయింది. ఠాకురాణి అమ్మవారి జాతర, ఇక్కడివాళ్ళు యాత్ర అనేది, వచ్చిన ఏడు ఈ వీధి యువజన సంఘం పులివేషాలకు రంగు వేసేది అతనే. ఆ రోజుల్లో ఇంటికి వెళితే భార్య కూర్మమ్మ గుమ్మంలోనే ఆపి, కొబ్బరినూనె గుడ్డతో అతని చెవులు తోముతూ, "మనిసిని కట్టుకున్నానేటి నాను, పులినా?" అని నవ్వుతుంది. ఆ నవ్వు కోసం ఒక చెవికి అంటిన రంగు తుడుచుకోకుండానే వెళ్ళడం అతనికి అలవాటైంది. పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటినా ఆ సంగతి ఆమెకు తెలియనివ్వలేదు.

వెనకగది గడియ చప్పుడైంది. సంఘం అధ్యక్షుడు తాతారావు కాసులును మెడపట్టి అరుగు మీదికి తోశాడు.

కాసులుకు పాతికేళ్ళుంటాయి. పడవలు తోసిన వంశం భుజాలు. ముఖం మాత్రం అయిదేళ్ళ పిల్లవాడిది. మాట రాదు. సముద్రపు ఒడ్డున సోనేపూర్‌లో తల్లి పోయాక, చేపల బుట్టతో ఊళ్ళు తిరిగే అక్క ముత్యాలమ్మ అతన్ని ఒంటరిగా వదలలేక, తమవాళ్ళే కదా అని ఈ సంఘానికి అప్పగించింది. మేం చూసుకుంటామని వాళ్ళన్నారు. ఆ చూసుకోవడం ఒక పూట గంజి, బయట గడియ వేసిన గది, రాత్రిళ్ళు సాధన. పులిని ఆడించే వస్తాదు వేషం తాతారావుది. అతని చేతిలో కొరడా ఉత్తుత్తిది కాదు. కాసులు ఎంత గెంతినా అలసిపోడు, ఆగితే మళ్ళీ ఎలా గెంతించాలో తాతారావుకు తెలుసు. అందుకే మొదటి బహుమతి ఎప్పుడూ ఈ వీధికే వచ్చేది.

ముత్యాలమ్మ నడుమ ఎప్పుడైనా వస్తే చొక్కా తొడిగి, గుండీలు పెట్టి, గుమ్మం దాకా తెచ్చి చూపించేవారు. "నిన్ను సూస్తే బెంగెట్టుకుంటాడు, యాత్రకి రా అమ్మా" అని పంపేసేవారు. యాత్రకు వస్తే తమ్ముడు నిలువెల్లా పులి.

"ఈడి అప్ప వచ్చీసింది. సవకులో ముందు వరసలో కూకుంది" అన్నాడు తాతారావు, మీసం దువ్వుకుంటూ. "ఈపు మీద నలుపు దట్టంగా ఎయ్యి."

నీలకంఠం వీపు చూశాడు. మెడ నుంచి నడుము దాకా వాతలు, ఒకదాని మీద ఒకటి. మూడు చోట్ల చర్మం చిట్లి తడిగా మెరుస్తోంది.

"బావూ, రాత్రి మరీ ఎక్కువ..."

"ఏటి ఎక్కువ? పులి గెంతాలా, వద్దా? మీ ఇంటికాడెట్టి మేపుతావేటి? బొమ్మలేసుకునేవోడివి, బొమ్మలెయ్యి."

నీలకంఠం తల వంచుకున్నాడు. ఎప్పుడూ అంతే. తాతారావు వేషం కట్టుకోవడానికి లోపలికి వెళ్ళాడు.

ముందు పొట్ట. కుంచె బొడ్డు దగ్గరికి రాగానే కాసులుకు చక్కిలిగింత పుట్టి, ఒళ్ళంతా మెలికలు తిరుగుతూ కిచకిచ నవ్వాడు. ఆ నవ్వు వింటే నీలకంఠానికీ నవ్వాగదు. "ఉండరా నాయనా, కదిలితే పులి మీసం మేక గడ్డమైపోద్ది" అంటూ బుగ్గల మీద తెలుపు దిద్దాడు. చేతులకు, కాళ్ళకు పసుపు వేసి, నల్ల చారలు గీశాడు.

ఇక వీపు మిగిలింది. నీలకంఠం కుంచెతో వెనక్కి రాబోగానే కాసులు నవ్వు ఆగిపోయింది. తానే అటు తిరిగి కూర్చున్నాడు. చెయ్యి వెనక్కి తెచ్చి, చూపుడువేలితో ఒక వాతను చూపించాడు. తర్వాత దాని కిందిదాన్ని. తర్వాత నడుము దగ్గర చిట్లినదాన్ని. వేలు అందని చోట మెడ తిప్పి, కళ్ళతో చూపించాడు. అన్నీ అయ్యాక పక్కనున్న మసిరంగు గిన్నెను నీలకంఠం మోకాలి దగ్గరికి జరిపి, ఓపికగా వీపు వంచాడు.

మొదటిసారి ఈ వాతలు కప్పిన రోజున నీలకంఠం అతన్ని ఊరుకోబెట్టడానికి ఒక మాట అన్నాడు. "మందు రాస్తన్నాను నాయనా, మంట పోద్ది." కాసులు ఆ మాట నమ్మాడు. ఇన్నాళ్ళూ నమ్ముతూనే ఉన్నాడు.

నీలకంఠం చేతిలోని నల్ల కుంచె గిన్నెలోకి జారింది.

వీధి చివర డప్పులు వేడి చేసుకుంటున్న చప్పుడు వినిపించింది. అతను సంచిలోంచి అన్నిటికంటే సన్నని కుంచె తీశాడు. బోర్డు మీద అక్షరానికి అంటకుండా చుట్టూ రంగు నింపినట్టు, వాతకూ వాతకూ మధ్య మాత్రమే పసుపు నింపుకుంటూ వెళ్ళాడు. ఒక్క వాత మీదికీ రంగు పోనివ్వలేదు. పని పూర్తయ్యేసరికి నల్ల చార ఒక్కటీ లేని పసుపుపచ్చని వీపు మీద కొరడా గీసినవన్నీ ఎర్రగా నిలబడ్డాయి. కాసులును వీపు గోడవైపు పెట్టి ఎండలో నిలబెట్టాడు. తాతారావు బయటికి వచ్చి ముందువైపు చూసి, "బాగుంది" అన్నాడు. ముందునుంచే నడుముకు తాడు కట్టి, తాను ముందు నడుస్తూ లాక్కుపోయాడు.

నాలుగు వీధులు కలిసే సవకులో జనం కిక్కిరిసి ఉన్నారు. ముత్యాలమ్మ బుట్ట ఒళ్ళో పెట్టుకుని, పుచ్చిపోయిన పన్ను కనబడేలా నవ్వుతోంది. డప్పు మొదలైంది. కాసులు గెంతి, గిర్రున తిరిగి, ఆమెకు వీపు చూపించాడు.

"ఓలమ్మ, ఎర్ర సారలు! ఈయేడు కొత్తగా ఏసినార్రా!" అని ఎవరో ఈల వేశారు.

తాతారావు అలవాటు చొప్పున కొరడా ఝళిపించాడు. చెళ్ళుమంది. జనం కేరింతలు కొట్టారు. అందరి కళ్ళముందే, పసుపు మీద, పాతవాటి పక్కన, అచ్చం వాటిలాంటిదే ఇంకొక ఎర్రచార లేచింది. దాని చివరి నుంచి ఒక చుక్క బయలుదేరి నడుము దాకా జారింది.

డప్పు కొట్టే చేతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

ముత్యాలమ్మ లేచింది. బుట్ట దొర్లిపోయింది. తమ్ముడి వీపు మీద వేలితో తాకి, ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. చేపలు కోసే మనిషికి నెత్తురు వాసన ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

"ఆటలో తగిల్తాదమ్మా..." అన్నాడు తాతారావు.

"ఆటేటి? ఇది నిన్నటిది. ఇది మొన్నటిది. ఈ తెల్లగా మానిపోయింది ఎప్పటిదిరా, నీ తల పగలా!" కొరడా లాక్కుని పిడితో అతని నోటి మీద కొట్టింది. రెండోసారి కొడితే ముందుపన్ను ఊడి అతని చేతిలో పడింది. వస్తాదు తలపాగా మట్టిలో పడింది. జనంలో ఒక్కరూ అడ్డం రాలేదు. ఆమె నడుము తాడు విప్పి, కాసులు చెయ్యి పట్టుకుని బస్టాండు దారి పట్టింది.

జనం వెనక నిలబడి చూస్తున్న నీలకంఠం అప్పటికే అరుగు దగ్గరికి పరిగెత్తాడు. వెనకగదిలో కాసులు చొక్కా ఉంది. వాళ్ళకు అందించాలని అది తీసుకుని గుమ్మం దాటేలోపు తాతారావు, ఇద్దరు మనుషులు వచ్చారు.

మొదటి తన్ను పక్కటెముకల్లో తగిలింది. రెండోది తగిలేసరికి లోపల ఏదో పుటుక్కుమంది. మసిరంగు గిన్నె అతని ముఖం మీద బోర్లించారు. జుట్టు పట్టి అరుగు అంచుకు కొట్టారు, మళ్ళీ కొట్టారు. వార్నిష్ డబ్బా అంచు చెవి మీద దిగింది.

"నలుపెందుకు ఎయ్యలేదురా? సెప్పు! ఎందుకెయ్యలేదు?"

"అది మందు కాదు కదా బావూ" అన్నాడు నీలకంఠం.

వాళ్ళకు అర్థం కాలేదు. అలిసిపోయేదాకా తన్ని వదిలేశారు. చొక్కా మాత్రం అతను పొట్ట కింద పెట్టుకుని ఉంచుకున్నాడు.

సోనేపూర్ వైపు వెళ్ళే బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కిటికీ దగ్గర కూర్చున్న పులి ఎక్కేవాళ్ళందరి మీదా గుర్రుమంటోంది. "ఏ బాఘ, టికెట్ నెబు కి?" పులీ, టికెట్ తీసుకుంటావా అని కండక్టరు ఒడియాలో అడిగితే బస్సంతా గొల్లుమంది. కాసులు కూడా నవ్వాడు. ముక్కు కిటికీ అద్దానికి ఆనించి, అక్కడంటిన పసుపు మచ్చను మురిపెంగా చూసుకున్నాడు.

గోడ పట్టుకుని వచ్చిన నీలకంఠం చొక్కా అందించాడు. ముత్యాలమ్మ మెట్టు దిగింది.

"సిన్నాన్నా, రంగేసింది నువ్వే గదా. నీకు ముందే తెలుసా?"

"తెలుసమ్మా."

"మొదట్నించీ?"

"మొదట్నించీ."

ఆమె చెయ్యి లేచింది. అతని చెవిలోంచి కారుతున్నది చూసి, గాలిలోనే ఆగింది. పక్క బడ్డీ దగ్గరికి వెళ్ళి ఒక గోలీసోడా కొట్టించి తెచ్చి, అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి పక్కన పెట్టింది.

"తాగు. ఊపిరాడతన్నట్టు లేదు నీకు."

బస్సు కదిలింది. కిటికీలోంచి పసుపు చెయ్యి బయటికి వచ్చి, మలుపు తిరిగేదాకా ఊగుతూనే ఉంది. నీలకంఠం తన చెయ్యి ఎత్తబోయాడు. అది మోకాలి దాకే లేచింది. ఇంటికి వెళితే కూర్మమ్మకు ఈ చెవిని ఎలా చూపించాలా అని ఆలోచించాడు. పక్కటెముకల్లో నొప్పి ఉన్నట్టుండి తగ్గిపోయింది. హాయిగా గోడకు తల ఆనించాడు.

బడ్డీ మనిషి సీసా కోసం వచ్చి, అతని భుజం పట్టి కదిపాడు. తల పక్కకు ఒరగడం చూసి, చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. బెంచీ మీద సోడా నిండుగా అలాగే ఉంది. గోలీ పక్కనుంచి దారి చేసుకుంటూ బుడగలు ఒక్కొక్కటే పైకి వస్తున్నాయి.