ఆమె లాగిన్

గిన్నెలు తోమి బోర్లించి, తడి చేతులు తువ్వాలుకి తుడుచుకుని ఆమె కంప్యూటర్ ముందు కూలబడేసరికి మధ్యాహ్నం సగం అయిపోయింది. పుస్తకాలు చదివించి రికార్డు చేసే సంస్థవాళ్ళు ఆమె గొంతు నమూనా ఈ సాయంత్రంలోగా పంపమన్నారు. నచ్చితే ఒక నవల మొత్తం ఆమె చేతే చదివిస్తారట. అసలా నమూనా కిందటి వారమే వెళ్ళాల్సింది. భర్త లాగిన్‌లో కూర్చుని చదివి దాచుకుంటే, చోటు చాలడం లేదని ఆయన చెరిపేశాడు. “నీ టెస్టు ఫైళ్ళే కదా అనుకున్నా. మళ్ళీ చదువుకో, దానికేముంది?” అన్నాడు. దానికేముంది అని ఆయన అన్నప్పుడల్లా ఆమెకొక పని పెరుగుతుంది. అందుకే ఈసారి తన లాగిన్‌లోనే చదవాలనుకుంది.

ఆయన లెక్కల మాస్టారు. ఆయన పాఠాలు రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెట్టేది ఆమే. మొరాయిస్తున్న పాత కంప్యూటర్‌లో విండోస్ తీసేసి లినక్స్ వేసిందీ, మైకును కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే ఈ చిన్న డబ్బాను ఏరి తెప్పించిందీ, ఆయన తడబడిన చోటల్లా కత్తిరించి అతికించిందీ ఆమే. గొంతు గంటలా మోగుతోందని ఎవరైనా మెచ్చుకుంటే ఆయన పొంగిపోయి, “మా ఆవిడ పక్కనుండి వైర్లూ అవీ చూసుకుంటుంది లెండి” అంటాడు. అత్తగారు ఇంకో మెట్టు పైన. “వాడు గొంతు చించుకుంటున్నాడు. నీకేమ్మా, కూర్చుని చేసే పని.” ఆ కూర్చుని చేసే పనంతా వంటయ్యాక, బట్టలారేశాక, అత్తగారికి మందులిచ్చాక చేసిందే. నిలబడి చేసిన పనుల అలసటంతా ఆ కుర్చీలోనే బయటపడుతుంది.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటి వాక్యం చదివింది. తన మాట తన చెవికే కాస్త ఆలస్యంగా వచ్చి చేరింది. అది వింటుంటే నాలుక తడబడుతోంది. శబ్దాన్ని కాసేపు పట్టి ఉంచి పంపే బఫర్‌ను తగ్గించింది. ఆలస్యం పోయింది గానీ గొంతు నిండా చిటపటలు. కేబుల్ మార్చింది, తెరిచి ఉన్నవన్నీ మూసేసింది. తల ప్రాణం తోకకొచ్చింది. ఉండబట్టలేక ఆయన లాగిన్ తెరిచి, అదే బఫర్‌తో అదే వాక్యం చదివి చూసింది. కడిగిన ముత్యంలా వచ్చింది.

పోనీ, ఇక్కడే కానిచ్చేద్దామా అనిపించింది. ఇన్నాళ్ళూ అలా కానిచ్చేస్తూనే వచ్చింది మరి. కానీ ఒకే డబ్బా, ఒకే మైకు, ఆయనకు పలికేది తనకెందుకు పలకదు? ఒళ్ళు మండి ఒక్కో అమరికా విప్పి చూసింది. చివరికి దొరికింది. ఆడియో గ్రూపు అని ఒకటుంటుంది. అందులో ఉన్నవాళ్ళు మాట్లాడుతుంటే కంప్యూటర్ మిగతా పనులు పక్కనపెట్టి వాళ్ళ గొంతుకే ముందు దారి ఇస్తుంది. అందులో ఉన్నది ఒక్క ఆయన పేరే. చేర్చింది తనే. ఎవరూ వద్దనలేదు, ఎవరూ అడ్డు రాలేదు. తన పేరు కూడా వేసుకోవాలని తనకే తోచలేదు. ఇంట్లోవాళ్ళ మీద ఇన్నాళ్ళూ కూడబెట్టుకున్న కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక ఆమెకు ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా. తర్వాత ముక్కు తుడుచుకుని, ఒక్క వరుస టైపు చేసి తన పేరు చేర్చింది. బయటికొచ్చి మళ్ళీ తన లాగిన్‌లోకి వెళ్ళింది.

ఈసారి మాట నోట్లోంచి వస్తూనే చెవిలో ఉంది. ఎక్కడా చిటపట లేదు. రెండో పేరాలో ఉండగా ఆయన పాఠాల పుస్తకంతో తలుపు తీశాడు.

“సెట్ అయిందా? లే, నేను రెండు పాఠాలు చెప్పేస్తా. అమ్మ టీ అడుగుతోంది కూడా.”

“టీ మీరు పెట్టండి. పాఠాలు రేపు చెప్పండి. నేను చదువుతున్నాను.”

ఆయన తెరకేసి అనుమానంగా చూశాడు. “నా లాగిన్‌లో ఏమన్నా మార్చేశావా?”

“లేదు. మీది మీకు అలాగే ఉంది” అందామె, హెడ్‌ఫోన్లు మళ్ళీ పెట్టుకుంటూ. “నన్ను నేను చేర్చుకున్నాను.”