గుల్ల పలికిన సీలింగు

బెల్లంపల్లిలో రాజలింగు కట్టుకున్న కొత్తింట్లో హాలు సీలింగును నున్నగా చేసే లప్పం పెట్టడం ఎల్లక్క సొంతంగా ఒప్పుకున్న మొదటి పని. పన్నెండేళ్లు మేస్త్రీల వెనక సిమెంటు మాలు మోస్తూ, వాళ్ల చేతులు చూస్తూనే ఆమె పని నేర్చుకుంది.

మొదటి రోజు పరంజా ఎక్కి ఇనుప పట్టీతో గీకుతుంటే ఫ్యాను కొక్కెం పక్కన చప్పుడు మారింది. వేళ్లతో తట్టి చూసింది. గుల్ల. అక్కడ ప్లాస్టరింగు స్లాబును పట్టుకోలేదు. ఆ మాట చెబితే ప్లాస్టరింగు చేసిన కొండల్ మేస్త్రి ముఖం మాడ్చుకున్నాడు. పైన లప్పం పడితే అదే గట్టిపడుతుందని, గృహప్రవేశం నెల రోజులుందనగా కొత్త పరేషాన్ ఎందుకని అన్నాడు.

"నేనైతే దీని మీద లప్పం పెట్ట, మేస్త్రీ," అంది ఎల్లక్క. "రేపు దీని కింద పిల్లలు కూసుంటరు."

రాజలింగు ముప్పై రెండేళ్లు బొగ్గుబాయిలో పనిచేసినవాడు. అక్కడ పైకప్పును కర్రతో తట్టి, చప్పుడు విన్నాకే దాని కింద అడుగు పెట్టేవాడు. ఇద్దరి మాటా విని, ఒక కర్ర తీసుకుని హాలంతా తట్టుకుంటూ వచ్చాడు. కొక్కెం దగ్గర ఆగి, మళ్లీ తట్టాడు.

"బిడ్డ చెప్పిందే నిజం, కొండల్. గిసొంటి కప్పు కింద నేనెన్నడు నిలవడలే. కొట్టెయ్యుండ్రి."

సుత్తె రెండు దెబ్బలకే చాటంత పెచ్చు ఊడిపడింది. కొండల్ ఆ ముక్కల్ని కాసేపు చూసి, తప్పు తనదేనన్నాడు. కానీ మర్నాడే అతను జైనూర్‌లో పనికి పోవాలి. అయితే తానే చేస్తానని ఎల్లక్క అతని తాపీ అడిగి తీసుకుంది.

స్లాబుకు గాట్లు పెట్టి, నీళ్లు కొట్టి, సిమెంటు పాలు పూసింది. మొదట విసిరిన మాలు తిరిగి ఆమె భుజం మీదే పడింది. నవ్వుకుని, మణికట్టు ఇంకాస్త తిప్పి విసిరింది. ఈసారి అతుక్కుంది. వారం తడిపి, మరో వారం ఆరనిచ్చి, రెండు పూతలు లప్పం పెట్టి గరుకు కాగితంతో రుద్దింది. గోడవారగా బల్బు పట్టి చూస్తే ఎక్కడా ఎత్తుపల్లాల నీడ లేదు.

జైనూర్ నుంచి వచ్చిన కొండల్ ఆ చోటు వెతికాడు. ఏది పాతదో, ఏది కొత్తదో అతనికి తెలియలేదు. అక్కడి ఇంట్లో మూడు గదుల సీలింగులు మిగిలాయని, వస్తావా అని అడిగాడు.

"వస్త. కని మేస్త్రిగనే వస్త," అంది ఎల్లక్క.

కొండల్ సరేనన్నాడు. సోమవారం ఇద్దరూ జైనూర్ పోయారు.